ఆరేళ్ల వాడకం తర్వాత: నా డజను కార్బన్ బాణాలు

2019 సంక్రాంతి సెలవుల్లో కొన్న డజను కార్బన్ బాణాల్లో ఇప్పటికి ఏడు మిగిలాయి. రెండు విరిగాయి. ఒకదాని వెనక ఇంకో బాణం దిగి నిలువునా చీలింది. ఒకటి నా తప్పు వల్ల పాడైంది. ఇంకొకటి నిమ్మతోటలో పోయింది. మిగిలిన ఏడింటినీ ఇప్పటికీ వారానికి మూడు రోజులు వాడుతున్నాను. పిల్లలకి ఏ బాణాలు కొనాలని అడిగే తల్లిదండ్రులకి ప్రతిసారీ ఫోన్‌లో అన్నీ చెప్పడం కుదరడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను నెల్లూరులో ఒక స్కూల్లో లెక్కలు చెప్తాను. సాధనంతా పొదలకూరు రోడ్డులో మా అన్నయ్య నిమ్మతోట పక్కనున్న ఖాళీ చేలో. నాది రికర్వ్ విల్లు (చివరలు ముందుకు వంగి ఉండేది, చక్రాలుండవు), పూర్తిగా లాగితే వేళ్ల మీద పడే బరువు 34 పౌండ్లు. బాణాలు 600 స్పైన్ (బాణం ఎంత వంగుతుందో చెప్పే అంకె), పూర్తిగా కార్బన్, కోయించాక పొడవు 28.5 అంగుళాలు. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. నాకు జరిగిన వాటిలో చాలావరకు ఏ కంపెనీ కార్బన్ బాణానికైనా జరిగేవే.

చాలామంది అడిగే మొదటి ప్రశ్న, "జ్యోతి సురేఖ వాడేవి ఇవేనా?" కాదు. వెన్నం జ్యోతి సురేఖది కాంపౌండ్ విల్లు. దానికి చక్రాలుంటాయి, స్ట్రింగ్‌ని వేళ్లతో కాకుండా రిలీజర్ అనే చిన్న పరికరంతో వదులుతారు, పోటీ దూరం 50 మీటర్లు. మన బొమ్మదేవర ధీరజ్ ఆడేది రికర్వ్, 70 మీటర్లు. ఆ స్థాయి రికర్వ్ ఆటగాళ్లలో చాలామంది వాడే ఈస్టన్ ఎక్స్10 లాంటి బాణాలు వేరే తరగతి. లోపల పల్చటి అల్యూమినియం గొట్టం, దాని మీద కార్బన్, నడుమ లావుగా ఉండి రెండు చివరలకీ సన్నబడతాయి. నావి మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు. నేర్చుకుంటున్నవాళ్లకి ఇవి చాలు, నాకైతే ఆరేళ్లుగా చాలాయి.

ఇక స్పైన్ గురించి. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. ఈ డజనుకు ముందు నేను ఆరు బాణాలు కొన్నాను, 500 స్పైన్‌వి. గట్టిగా ఉంటే మంచిదే కదా అని దుకాణంలో అన్నారు, నేను నమ్మాను. నాది కుడిచేతి వాటం. ఎంత జాగ్రత్తగా వదిలినా బాణాలు ఎడమకే పోయేవి. నా వేళ్లలోనే లోపం ఉందనుకుని మూడు నెలలు బాధపడ్డాను. ఈకలు తీసేసిన ఉత్త బాణాన్ని, ఈకలున్న వాటితో కలిపి వేసి చూసిన రోజు విషయం బయటపడింది. ఈకలు లేనిది మిగతా వాటికి జానెడు ఎడమగా దిగింది. అంటే బాణం నా విల్లుకి మరీ బిర్రుగా ఉంది.

రికర్వ్‌లో వేళ్లు వదిలిన క్షణంలో స్ట్రింగ్ కొంచెం పక్కకి జారి ముందుకు పోతుంది. వెనక నుంచి తోపు, ముందు మొన బరువు. ఈ రెంటి మధ్య బాణం గొట్టం వంగి, మళ్లీ ఎదురు వైపుకి వంగి, అలా ఊగుతూ విల్లుని తప్పించుకుని బయటపడుతుంది. ఆ వంపు విల్లు బలానికి సరిపోవాలి. 28 అంగుళాల దూరంలో రెండు ఆధారాల మీద బాణాన్ని పెట్టి, నడిమధ్య 880 గ్రాములు వేలాడదీస్తే ఎంత దిగుతుందో అదే స్పైన్. 0.6 అంగుళం దిగితే 600. అంటే అంకె పెరిగేకొద్దీ బాణం మెతక. బాణాన్ని పొట్టిగా కోస్తే బిర్రు పెరుగుతుంది, మొన బరువు పెంచితే తగ్గుతుంది. కాబట్టి ఎంత పొడవు కోయాలో తెలియకముందే బాణాలు ఆర్డర్ చేయకండి.

ఈ కొలత ఇంట్లోనే చేసుకోవచ్చు. పాత బల్లకి రెండు మేకులు కొట్టాను, నీళ్ల సీసాని త్రాసు మీద పెట్టి 880 గ్రాములకి సరిచేశాను, పక్కన స్టీల్ స్కేలు నిలబెట్టాను. 600 స్పైన్ అయితే 15 మిల్లీమీటర్ల పైన కొద్దిగా దిగాలి. నా పన్నెండూ ఒకదానికొకటి అర మిల్లీమీటరు తేడాలోనే ఉన్నాయి. గొట్టాన్ని తిప్పుతూ కొలిచినప్పుడు మాత్రం ప్రతి బాణానికీ ఒక వైపు కాస్త బిర్రుగా తగిలింది. ఎందుకో తయారీ చూస్తే అర్థమవుతుంది. రెసిన్ పూసిన కార్బన్ నార పల్చటి బట్టలా వస్తుంది. దాన్ని ఉక్కు కడ్డీ చుట్టూ పొరలు పొరలుగా చుట్టి, పైన టేపు బిగించి, పొయ్యిలో గట్టిపడేలా చేస్తారు. తర్వాత కడ్డీ లాగేసి పైభాగం నున్నగా అరగదీస్తారు. చుట్టిన బట్టకి చివర ఎక్కడో ఒకచోట ఉండాలి కదా, గొట్టం పొడవునా అక్కడ కాస్త తేడా వస్తుంది. ఆ వైపు గుర్తించి, పన్నెండింటికీ నాక్ (స్ట్రింగ్‌కి తగిలించే వెనక చివరి ముక్క) ఒకే దిశలో ఉండేలా తిప్పి పెట్టుకున్నాను. 50 మీటర్ల దగ్గర బాణాలు ఇదివరకటి కంటే దగ్గర దగ్గరగా దిగడం నా కళ్లతో చూశాను.

బరువు సరిచూడటానికి చిన్నబజారులో మాకు తెలిసిన బంగారం కొట్టుకి వెళ్లాను. "ఏంది టీచరమ్మా, బాణాలు తూకమేయాల్నా?" అని ఆయన ఆశ్చర్యపోయినా ఓపికగా పన్నెండూ తూచి కాగితం మీద రాసిచ్చాడు. ఒక్కోటి 21 గ్రాముల దగ్గర ఉంది. అన్నిటికంటే బరువైనదానికీ తేలికైనదానికీ తేడా 0.2 గ్రాములు. ఆయన లెక్కలో చెప్పాలంటే రెండు గురిగింజల ఎత్తు కూడా లేదు. ఈ ధరలో ఇది చాలా మంచి పని. నిటారుతనం గురించి పెట్టె మీద రాసే 0.001, 0.003 అంగుళాల తేడా కంటే ఈ బరువు తేడా, స్పైన్ తేడా నాకు ఎక్కువ ముఖ్యంగా తోచాయి. ఆ రెండు అంకెల మధ్య తేడా నా స్థాయిలో టార్గెట్ మీద ఎప్పుడూ కనిపించలేదు. దానికోసం అదనంగా డబ్బు పెట్టొద్దనే చెప్తాను.

కోయించడంలో నాకు మొదట దెబ్బ తగిలింది. పాత ఆరింటిని రంపం బ్లేడుతో కోయిస్తే చివర నార రేగిపోయింది. గొట్టం కోసే చక్రం కూడా పనికిరాదు, గోడని నలిపేస్తుంది. సన్నటి రాపిడి చక్రమున్న వేగంగా తిరిగే మెషిన్‌తోనే కోయాలి, బాణాన్ని చేత్తో తిప్పుతూ ఉండాలి. ఆ నల్ల పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. మాస్కు పెట్టుకుని, తడిగుడ్డ దగ్గర పెట్టుకుని, ఆరుబయట చేయాలి. తర్వాత సన్న ఎమరీ పేపర్‌తో చివర సమానం చేయాలి.

మన ఎండల సంగతి విడిగా చెప్పాలి. మొనలు అతికేది వేడికి కరిగే జిగురుతో. రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం బాణాలు పెట్టే డబ్బా కారులో వదిలేశాను. సాయంత్రం వేస్తే రెండు బాణాల మొనలు టార్గెట్‌లోనే ఉండిపోయి, ఖాళీ గొట్టాలు చేతికొచ్చాయి. వాటిని మళ్లీ అతికించేటప్పుడు తొందరలో గొట్టం చివరనే గ్యాస్ పొయ్యి మంటకి చూపించాను. వాసన వచ్చింది, చివర మెత్తబడింది. రెసిన్ కాలిపోయాక కార్బన్ ఉత్త నారే. నా తప్పు వల్ల పోయిన బాణం అదే. సరైన పద్ధతి తేలిక. మొనని మాత్రం పటకారుతో పట్టుకుని వేడి చేసి, జిగురు రాసి, గొట్టంలో దూర్చాలి. తీయాలంటే మొన ఉన్న చివరని మరుగుతున్న నీళ్లలో ముంచితే సరిపోతుంది.

ఇప్పుడు విరగడం. అల్యూమినియం బాణం దెబ్బతింటే వంగుతుంది, బల్ల మీద దొర్లిస్తే తెలిసిపోతుంది. కార్బన్ అలా కాదు. లోపల పొరలు విడిపోయినా పైకి నిటారుగా, నల్లగా, కొత్తదానిలాగే ఉంటుంది. అదే బాణాన్ని 34 పౌండ్ల విల్లులో పెట్టి వదిలితే స్ట్రింగ్ తోపుకి అక్కడికక్కడే విరిగి, ముక్క విల్లు పట్టిన చేతిలోకి దిగొచ్చు. అందుకే ప్రతి బాణాన్నీ వేసేముందు రెండు చివరలూ పట్టుకుని, ముఖానికి దూరంగా, మెల్లగా వంచుతాను. పావు వంతు తిప్పి మళ్లీ వంచుతాను, నాలుగు వైపులా. చిటపట అన్నా, వేలికి గరుకుగా తగిలినా, దాన్ని విరిచి పక్కన పెడతాను, మళ్లీ ఎవరూ పొరపాటున వాడకుండా. విరిగిన రెండింటిలో ఒకటి స్టాండు ఇనుప కాలికి తగిలి అక్కడే ముక్కలైంది. రెండోదానికి పక్కనుంచి ఇంకో బాణం గీసుకుపోయింది, పైన చిన్న గీత తప్ప ఏమీ లేదు. మర్నాడు ఉదయం వంచినప్పుడు నా చేతుల్లోనే పుటుక్కుమంది. ఆ రోజు వంచకుండా విల్లులో పెట్టి ఉంటే ఏమయ్యేదో అనుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

మొదటిది విరిగినప్పుడు దాని చివర లాగబోయి అరచేతిలో ముల్లు దింపుకున్నాను. సన్నటి నార, కంటికి కనపడదు. ఎక్స్‌రే తీస్తే ఏమీ కనిపించలేదు, కార్బన్ ఎక్స్‌రేలో సరిగా పడదు. అల్ట్రాసౌండ్‌లో చూసి డాక్టరు తీశారు. విరిగిన బాణాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోకండి.

ఈ ముళ్ల విషయంలో పల్లెల్లో సాధన చేసేవాళ్లకి ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. నా టార్గెట్ వెనక వరిగడ్డి మోపులు బిగించి కడతాను. ఫోమ్ పలకల్లో రాపిడికి వేడెక్కి బాణానికి ఫోమ్ పూతలా అంటుకుంటుంది, సబ్బు రాస్తే గానీ బాణం బయటకి రాదు. వరిగడ్డిలో ఆ బాధ లేదు, బాణం సుళువుగా వస్తుంది. మన దగ్గర గడ్డికి కరువూ లేదు. కానీ ఒకసారి టార్గెట్‌గా వాడిన గడ్డిని గొడ్లకి వేయకూడదు. అందులో కార్బన్ ముళ్లు ఉంటాయి. మా అన్నయ్య మొదటి ఏడాది తెలియక గేదెలకి వేయబోతే పరిగెత్తి ఆపాను. ఇప్పుడు పాత మోపుల్ని చేను మూల గొయ్యి తీసి పూడుస్తున్నాం. సాధన ముగిశాక బాణాలు లెక్కపెట్టకుండా ఇంటికి పోము. తోటలో పోయిన ఆ ఒక్కదాని కోసం రెండు ఆదివారాలు వెతికాం, దొరకలేదు. చెట్ల కింద కలుపు తీసే ఆడవాళ్లకి అలాంటి నల్ల పుల్ల కనిపిస్తే తొక్కవద్దని, చేత్తో తీయొద్దని చూపించి మరీ చెప్పాను.

గాలి విషయంలో ఇవి నిజంగా బాగున్నాయి. వేసవిలో ఇక్కడ పొద్దుటి నుంచి పడమటి గాడ్పు, సాయంత్రానికి తూర్పు నుంచి సముద్రపు గాలి. ఒకే రోజు గాలి రెండు వైపులా మారుతుంది. లోపలి రంధ్రం 6.2 మిల్లీమీటర్లుండే లావు బాణాలతో చాలా సర్దుకోవాల్సి వచ్చేది. ఇవి 4.2 రంధ్రం ఉన్న సన్నవి, గాలికి అంత పక్కకి పోవు.

పెరిగే పిల్లలకి మాత్రం ఇలాంటి డజను కొనకండి. ఏడాదిలో చేయి పొడుగవుతుంది, విల్లు లాగే బరువు మారుతుంది, స్పైన్ మారిపోతుంది. మా మేనకోడలికి పదమూడేళ్లు, విల్లు 24 పౌండ్లు. తనకి మెతక స్పైన్‌లో ఆరే కొని, పొడవు రెండు అంగుళాలు ఎక్కువే ఉంచి కోయించాం. వంచి చూడటం మాత్రం మొదటి రోజే నేర్పాను. పోయిన ఆదివారం నా బాణాలు కూడా తనే చూస్తూ, "అత్తా, ఐదో నంబరులో ఏదో చప్పుడవుతోంది" అంది. ఇద్దరం నీడలో కూర్చుని నాలుగు వైపులా వంచాం. గొట్టంలో కాదు, నాక్ వదులై లోపల కదులుతోంది. కొత్త నాక్ వేశాను. అయినా ఐదో నంబరుని ఒక వారం విడిగా పెట్టాం, వచ్చే ఆదివారం మళ్లీ వంచి చూశాకే వాడతాను.