మంటల వైపా, ప్రథమ చికిత్స వైపా?

ఆపదలో సాయపడే వాలంటీర్లుగా చేరాలంటే ముందు ఏది నేర్చుకోవాలని పలాస దగ్గర మా ఊరి కుర్రాళ్లు అడుగుతున్నారు. అగ్నిమాపక, విపత్తు సాయానికి ఒంట్లో సత్తువ ఉండాలి, టైమూ ఉండాలి; విపత్తు వాలంటీర్లకి ప్రభుత్వం ఇచ్చే ఆపద మిత్ర శిక్షణే 12 రోజులు. 2018లో తిత్లీ తుపానుకి ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు కూలినప్పుడు దారి తెరవడానికి గొడ్డలి పట్టే చేతులే కావాల్సి వచ్చాయి. కానీ అలాంటి రోజు ఎప్పుడో గానీ రాదు.

ప్రథమ చికిత్స అవసరం ఏ పూటైనా పడొచ్చు. మనిషి ఊపిరి ఆగి పడిపోతే 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా ఛాతీ మధ్యలో అరచేతి మొదలు ఆనించి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకి నొక్కుతూనే ఉండాలి, రెండు నిమిషాలకే చేతులు లాగేస్తాయి, పక్కవాడు అందుకోవాలి. అందుకే ఇంటికొకరైనా ముందు ఇది నేర్చుకోండి తమ్ముళ్లూ, తుపాను పని తర్వాత.