సంతకమా, హ్యాషా? ఆన్‌లైన్ శాసనాలకు ఏ ధ్రువీకరణ మేలు?

అమెరికాలో రాష్ట్ర ప్రభుత్వాల ఐటీ పనులు చేసే మనవాళ్ల నుంచి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంటుంది. శాసనాల పీడీఎఫ్‌ల మీద డిజిటల్ సంతకం పెట్టాలా, లేక హ్యాష్ దాచిపెట్టి సైట్‌లో పోల్చి చూసుకునే పేజీ ఇస్తే చాలా? డిజిటల్ సంతకం అంటే ఫైలుకు ఎవరు ముద్ర వేశారో, తర్వాత అది మారిందో లేదో చెప్పే గుర్తు. హ్యాష్ అంటే ఫైలు నుంచి లెక్కగట్టిన, వేలిముద్ర లాంటి చిన్న కోడ్. ఇంతకుమించి అడిగేవాళ్లకు తెలుసు. కాబట్టి ఆ పాఠం వదిలేసి, రెండూ ఎక్కడ నిలబడతాయో, ఎక్కడ కాలు జారతాయో చూద్దాం.

ముందు చట్టం ఏం అడుగుతోందో ఖాయం చేసుకోవాలి. ఎందుకంటే సగం వాదులాటలు చట్టం అడగనిదాని మీదే జరుగుతాయి. 2007లో అక్కడి లా లైబ్రేరియన్ల సంఘం 50 రాష్ట్రాలనూ, వాషింగ్టన్ డీసీనీ సర్వే చేసింది. కొన్నిచోట్ల ఆన్‌లైన్ ప్రతికి అధికారిక హోదా ఇచ్చేశారు గానీ, అది మారలేదని ప్రామాణిక పద్ధతిలో తేల్చుకునే వీలు ఎక్కడా లేదని తేలింది. ఆ తర్వాత 2011 జులైలో, రాష్ట్రాల కోసం నమూనా చట్టాలు రాసే యూనిఫామ్ లా కమిషన్ ఒక నమూనా చట్టాన్ని ఆమోదించింది. పేరు యూనిఫామ్ ఎలక్ట్రానిక్ లీగల్ మెటీరియల్ యాక్ట్, వాడుకలో యుయెల్మా. 2012లో కొలరాడో అందరికన్నా ముందు దాన్ని చట్టం చేసుకుంది. కాలిఫోర్నియా అదే ఏడాది చేసి, 2015 జులై 1 నుంచి అమల్లో పెట్టింది. మిన్నెసోటా 2013లో చేసింది. తర్వాత ఇంకొన్ని చేరాయి, అన్నీ చేరలేదు.

యుయెల్మా ప్రకారం, ఏ శాసనాన్నైనా ఎలక్ట్రానిక్ రూపంలో మాత్రమే ప్రచురిస్తే దాన్ని అధికారిక ప్రతిగా ప్రకటించి తీరాలి. అచ్చులో కూడా వేస్తుంటే ప్రకటించాలా వద్దా అన్నది ప్రచురించే శాఖ ఇష్టం. ప్రకటించాక మూడు బాధ్యతలు మీద పడతాయి: ధ్రువీకరణ, భద్రపరచడం, ప్రజలకు శాశ్వతంగా అందుబాటులో ఉంచడం. ధ్రువీకరణ గురించి చెప్పే 5వ సెక్షన్‌ను ఒకటికి రెండుసార్లు చదవాలి. తన చేతికొచ్చిన ప్రతి, శాఖ ప్రచురించిన అధికారిక ప్రతి నుంచి మారలేదని వాడుకరి తేల్చుకునేందుకు ఒక పద్ధతి ఇవ్వమంటుంది, అంతే. ఎవరు సంతకం చేశారని అడగదు. ఏ టెక్నాలజీ వాడమనీ చెప్పదు. ఇతర రాష్ట్రాలు ఏం చేస్తున్నాయో, ప్రమాణాలు ఎలా ఉన్నాయో, వాడేవాళ్లకు ఏం కావాలో గమనించి ఎంచుకోమని 9వ సెక్షన్ అంటుంది.

ఇదంతా పాటించినందుకు దక్కే ఫలం 6వ సెక్షన్‌లో ఉంది. అలా ధ్రువీకరించిన ప్రతిని కోర్టు ముందుగానే సరైన నకలుగా భావిస్తుంది. కాదనేవాళ్లే కాదని రుజువు చేసుకోవాలి. ఇలాంటి చట్టమే ఉన్న ఇంకో రాష్ట్రం ప్రతికీ ఇదే మర్యాద దక్కుతుంది.

సంతకం పెట్టిన పీడీఎఫ్

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ రాష్ట్రాలది కాదు, ఫెడరల్ ప్రభుత్వానిది. గవర్నమెంట్ పబ్లిషింగ్ ఆఫీస్ 2008 నుంచి పీడీఎఫ్‌లకు డిజిటల్ సంతకం పెడుతోంది. మొదటి పేజీ మీద గద్ద బొమ్మ ముద్ర కనిపిస్తుంది. ఆ బొమ్మకు సొంతంగా ఏ విలువా లేదు, కత్తిరించి ఎక్కడైనా అతికించుకోవచ్చు. విలువంతా లోపలి సంతకానిది.

దీని గొప్ప బలం, రుజువు ఫైలుతోపాటే ప్రయాణిస్తుంది. ఈమెయిల్‌లో పంపినా, పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినా, నెట్ లేని గదిలో తెరిచినా తనిఖీ చేసుకోవచ్చు. సంతకం తర్వాత ఎవరైనా వ్యాఖ్య చేర్చి సేవ్ చేస్తే, మూలం ఏది, తర్వాత కలిసింది ఏది అన్నది మంచి పీడీఎఫ్ రీడర్ విడదీసి చూపిస్తుంది. హ్యాష్‌కు ఆ ఓపిక లేదు. ఒక్క బైటు మారినా కాదనేస్తుంది.

ఇక చెడేచోట్లు. బ్రౌజర్‌లో తెరిస్తే సాధారణంగా సంతకం ఊసే ఉండదు. ‘ప్రింట్ టు పీడీఎఫ్’ కొడితే సంతకం పోయి బొమ్మ మిగులుతుంది. చూసేవాళ్లకు తేడా తెలియదు కాబట్టి ఇది మరీ చెడ్డది. నాలుగు సంతకాల పీడీఎఫ్‌లను కలిపి ఒక ఫైలు చేస్తే నాలుగు సంతకాలూ పోతాయి. కోర్టులో దాఖలు చేయడానికి వకీళ్లు రోజూ చేసే పనే అది.

అసలు చిక్కు సర్టిఫికెట్ ఆయుష్షు. సంతకం ఎవరిదో చెప్పే సర్టిఫికెట్‌కు కొన్నేళ్లకే కాలం చెల్లుతుంది. శాసనం వందేళ్లు నిలవాలి. సంతకం చేసేటప్పుడే నమ్మకమైన టైమ్‌స్టాంపూ (ఏ సమయంలో చేశారో చెప్పే ముద్ర), సర్టిఫికెట్ అప్పటికి రద్దు కాలేదన్న రుజువూ ఫైల్లోనే పొదిగితే కొంత కాలం గట్టెక్కుతుంది. పొదగకపోతే, కాలం చెల్లిన మర్నాడు అదే ఫైలు తెరిస్తే హెచ్చరిక రావచ్చు. పొదిగినా కథ అయిపోదు. టైమ్‌స్టాంప్ ఇచ్చిన సంస్థ సర్టిఫికెట్‌కూ గడువు ఉంటుంది. అది తీరకముందే మొత్తం ఫైలు మీద కొత్త టైమ్‌స్టాంప్ వేయాలి, కొన్నేళ్లకు మళ్లీ వేయాలి. శాఖ దగ్గర ఉన్న ప్రతికి ఇది చేయవచ్చు. పదేళ్ల కిందట వాడుకరి దించుకున్న ప్రతికి చేసేదెవరు?

ఆ హెచ్చరిక ఎలా ఉంటుందో ఈ-ఆధార్ తెరిచిన ప్రతి తెలుగువాడికీ తెలుసు. పసుపు ప్రశ్నార్థకం, పక్కన ‘వాలిడిటీ అన్‌నోన్’. అక్కడ కారణం వేరు: మన దేశపు రూట్ సర్టిఫికెట్‌ను (మిగతా సర్టిఫికెట్లన్నిటికీ మూలమైనదాన్ని) ఆ కంప్యూటర్లోని రీడర్ ఇంకా నమ్మడం లేదు. మీ సేవ కేంద్రం కుర్రాడు చెప్పినట్టు రైట్‌క్లిక్ కొట్టి, సర్టిఫికెట్ చూపించమని, నమ్మదగినవాటిలో చేర్చమంటే పచ్చ టిక్కు వస్తుంది. చేర్చేముందు సర్టిఫికెట్ల గొలుసు చివర ‘సీసీఏ ఇండియా’ (ఆ రూట్ పేరు) ఉందో లేదో చూసేవాళ్లు ఎందరు? చూడకుండా చేర్చడం అలవాటైతే దొంగ సర్టిఫికెట్‌కైనా అదే పచ్చ టిక్కు దొరుకుతుంది. జనానికి ప్రశ్నార్థకాన్ని పట్టించుకోకపోవడం నేర్పిన పద్ధతి ఇది.

హ్యాష్ పోల్చే పేజీ

మిన్నెసోటాలో శాసనాలు ప్రచురించే రివైజర్ కార్యాలయం ఈ దారి పట్టింది. ప్రచురించిన ప్రతి ఫైలు హ్యాష్‌నూ తన దగ్గర దాచుకుంటుంది. మీ చేతిలోని ఫైలును సైట్‌లోని ధ్రువీకరణ పేజీలో ఇస్తే సరిపోలిందో లేదో చెబుతుంది. ప్రత్యేకమైన రీడర్ అక్కర్లేదు, నమ్మకాల జాబితా (రీడర్ నమ్మే సర్టిఫికెట్ల పట్టిక) అక్కర్లేదు, ఫైలు పీడీఎఫ్ అయి ఉండనక్కర్లేదు. ఎక్స్‌ఎంఎల్ అయినా, సాదా టెక్స్ట్ అయినా ఇదే పని చేస్తుంది.

శాసనాల విషయంలో నా మొగ్గు ఇటే. కారణం ఖర్చు తక్కువని కాదు. ముప్పై ఏళ్ల తర్వాత ఎవరు బతికుంటారన్నదే ఇక్కడ తేల్చే అంశం. సంతకం బతకాలంటే సర్టిఫికెట్ అమ్మిన కంపెనీ, రీడర్ తయారుచేసే కంపెనీ, ఆ రీడర్లోని నమ్మకాల జాబితా, అన్నీ నిలవాలి. హ్యాష్ బతకాలంటే రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయం నిలిస్తే చాలు. శాసనాలను శాశ్వతంగా అందుబాటులో ఉంచే బాధ్యత ఎలాగూ దానిదే, 8వ సెక్షన్ చెప్పేది అదే. పైగా ‘అధికారిక ప్రతి నుంచి మారలేదని’ తేల్చడమంటే పోల్చి చూడడమే కదా. 5వ సెక్షన్ అడిగింది అక్షరాలా అదే.

అయితే దీన్ని నాసిరకంగా కట్టడం చాలా తేలిక. మొదటి తప్పు, పీడీఎఫ్‌ను అడిగినప్పుడల్లా అప్పటికప్పుడు తయారుచేయడం. అడుగున దించుకున్న తేదీ పడుతుంది, లోపల తయారైన సమయం పడుతుంది. ఒకే సెక్షన్‌ను ఇద్దరు దించుకుంటే రెండు హ్యాష్‌లు. ఒక్కసారి తయారుచేసి, హ్యాష్ రాసుకుని, అదే ఫైలును అందరికీ ఇవ్వాలి.

రెండోది, అచ్చుతప్పు దిద్ది కొత్త ఫైలు పెట్టినప్పుడు పాత హ్యాష్‌ను చెరిపేయడం. అప్పుడు నిరుడు నిజాయితీగా దించుకున్నవాడి ప్రతి నకిలీ అయి కూర్చుంటుంది. అందుకే పేజీ చెప్పే జవాబులు రెండు కాదు, మూడు ఉండాలి: సరిపోలింది, సరిపోలింది గానీ ఇది ఫలానా తేదీ నాటి పాత ప్రతి, సరిపోలలేదు. మూడో జవాబు కింద, ‘మీరు ఫైలును రీడర్లో తెరిచి మళ్లీ సేవ్ చేసి ఉంటే కూడా ఇలాగే వస్తుంది, కొత్తగా దించుకుని చూడండి’ అన్న వాక్యం తప్పనిసరి. అది లేకపోతే ప్రతి మార్కింగ్ గీతా ఫోర్జరీలా కనబడుతుంది.

మూడోది పాతబడిన అల్గారిథమ్, అంటే హ్యాష్ లెక్కించే పద్ధతి. ఒకే షా-1 హ్యాష్ వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లను 2017 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధన సంస్థ సీడబ్ల్యూఐ, గూగుల్ కలిసి చేసి చూపించాయి. షా-256 ఇప్పటికి నిలబడి ఉంది. మారాల్సి వస్తే పాతది విరగకముందే మారాలి. విరిగాక కొత్త హ్యాష్ తీస్తే, తీసిన ఫైలు అసలుదేనని చెప్పే ఆధారం ఉండదు.

హ్యాష్ పట్టికను ఆ ఫైళ్లున్న సర్వర్లోనే పెట్టడం కూడా ఇలాంటిదే. చొరబడినవాడు ఫైలుతోపాటు హ్యాష్‌నూ మార్చేస్తాడు. పట్టిక వేరేచోట, వేరే అధికారి చేతిలో ఉండాలి. నెలకోసారి ఆ పట్టికకు సంతకం పెట్టి, అచ్చు తీసి ఆర్కైవ్స్‌కు పంపితే ఇంకా మంచిది. సంతకానికి సరైన చోటు నిజానికి అదే: వేల ఫైళ్ల మీద కాదు, ఒక్క పట్టిక మీద.

మిగతావి

హెచ్‌టీటీపీఎస్ సైట్ ఉంది చాలదా అంటారు. అది దారిలో ఎవరూ మార్చలేదని చెబుతుంది. డెస్క్‌టాప్ మీదకు వచ్చాక దాని పని అయిపోయింది. బ్లాక్‌చెయిన్ అంటే ఎన్నో చోట్ల రాసిపెట్టిన హ్యాష్ పట్టిక. ప్రచురించేది ఒకే శాఖ అయినప్పుడు అంత హంగామా అక్కర్లేదు.

కాగితాన్ని మాత్రం తీసిపారేయకండి. ధ్రువీకరణకు కాదు, భద్రపరచడానికి. 7వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రూపంలోనే దాచమనదు, వేరే రూపంలోనైనా సరే అంటుంది. ఎలక్ట్రానిక్‌గా దాస్తే ఫైలు చెడకుండా చూడాలి, బ్యాకప్ ఉండాలి, విపత్తు వస్తే కోలుకునే ఏర్పాటు ఉండాలి, ముందు ముందు తెరుచుకునేలా ఉండాలి. ఈ చివరి షరతు దగ్గరే చాలామంది తడబడతారు. బైట్లు భద్రంగా ఉండి, తెరిచే సాఫ్ట్‌వేర్ లేకపోతే ఉన్నా లేనట్టే. పీడీఎఫ్/ఏ (చిరకాలం దాచడానికి చేసిన పీడీఎఫ్ రకం), దాని వెనకున్న ఎక్స్‌ఎంఎల్, రెండూ దాచండి. హ్యాష్‌లను క్రమం తప్పకుండా మళ్లీ లెక్కించి పోల్చండి.

మన దగ్గర

భారతదేశంలో యుయెల్మా లాంటి విడి చట్టం లేదు. ఐటీ చట్టం 2000లోని 8వ సెక్షన్ ఎలక్ట్రానిక్ గెజిట్‌లో ప్రచురించినా ప్రచురించినట్టే అంటుంది. భారతీయ సాక్ష్య అధినియం 81వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ గెజిట్‌ను కోర్టు నిజమైనదిగానే భావించాలి, కాకపోతే అది సరైన సంరక్షణ నుంచి వచ్చి ఉండాలి. వాట్సాప్‌లో చేతులు మారిన జీవో పీడీఎఫ్‌కు ఆ మాట వర్తిస్తుందనుకోవద్దు. మూలం సైట్ నుంచి మళ్లీ దించుకుని, దించిన వెంటనే హ్యాష్ తీసి రాసిపెట్టుకోండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్ చాలు.

మిగతా ఎలక్ట్రానిక్ రికార్డులకు అదే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. 2024 జులై 1 నుంచి ఆ ఫారంలోనే హ్యాష్ విలువ రాయాలి. ఏ అల్గారిథమో టిక్కు పెట్టమని షా-1, షా-256, ఎండీ5 గడులు ఇచ్చారు. షా-1, ఎండీ5 రెండూ విరిగినవే. షా-256 గడిలోనే టిక్కు పెట్టండి, 64 అక్షరాలూ కాపీ చేసి అతికించండి, చేత్తో రాయవద్దు.