కాంపిటీషన్ లా: ఢిల్లీ లా ఫర్మా, కడప బారా, ఏది మేలు?

కడపలోనో కర్నూలులోనో లా పూర్తి చేసి కాంపిటీషన్ లా (కంపెనీలు కుమ్మక్కై వ్యాపార పోటీని దెబ్బతీయకుండా చూసే చట్టం) వైపు పోదామనుకుంటే ముందు ఒక్క సంగతి తెలియాలి. ఈ కేసులు జిల్లా కోర్టులో నడవవు. 2002 నాటి కాంపిటీషన్ చట్టంలోని సెక్షన్ 61 సివిల్ కోర్టుల్ని పక్కన పెట్టేసింది. ఫిర్యాదు ఢిల్లీలోని కాంపిటీషన్ కమిషన్‌కు, అప్పీలు ఎన్‌క్లాట్‌కు (కంపెనీ లా అప్పీళ్ల ట్రిబ్యునల్), ఆపైన సుప్రీంకోర్టుకు. రిట్ వేయాలన్నా అమరావతిలోని హైకోర్టుకు పోవాల్సిందే.

కాబట్టి ఇదొక్కటే చేసి బతకాలంటే ఢిల్లీయే. అక్కడా పని రెండు రకాలు. విలీనాల పనిలో డబ్బుంది: 2024 సెప్టెంబరు నుంచి విలీనానికి అనుమతి కోరే ఫారం 1 దాఖలుకు కమిషన్‌కు కట్టే ఫీజే 30 లక్షలు, ఫారం 2కు 90 లక్షలు. కానీ జూనియర్లు మార్కెట్ వాటాల లెక్కలు, బోర్డు కాగితాలు తిరగేస్తూ కోర్టు గడప తొక్కకుండానే ఏళ్లు గడిపేస్తారు. వాదించాలన్న కోరిక ఉంటే దర్యాప్తు కేసుల టీమ్ అడగండి. అక్కడ కుమ్మక్కును ముందుగా ఒప్పుకున్న కంపెనీకి జరిమానాలో 100 శాతం దాకా మాఫీ, రెండో కంపెనీకి 50, మూడోదానికి 30. వరుసలో ఎవరు ముందన్నదే అంతా కనుక ఆ దరఖాస్తు రాత్రికి రాత్రే తయారవ్వాలి.

ఇక జిల్లా బార్. ఎర్రగుంట్ల సిమెంటు, తాడిపత్రి గ్రానైట్, కాంట్రాక్టర్ల టెండర్లు, మందుల స్టాకిస్టులు: క్లయింట్లు ఇక్కడా ఉన్నారు. మందుల వ్యాపారుల సంఘం ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేదని స్టాకిస్టుకు సరుకు ఆపడం తప్పేనని కమిషన్ ఎన్నోసార్లు తేల్చింది. అలాంటి క్లయింటు వస్తే ఆర్డరు పెట్టిన మెయిలు, కంపెనీ కాదన్న జవాబు, సంఘం సర్క్యులరు, ఈ మూడూ ముందు చేతికి రావాలి. నోటిమాటగా కాదన్నారంటే, మళ్లీ ఆర్డరు పెట్టించి రాతలో జవాబు రప్పించాలి. ఫిర్యాదు వ్యక్తిగా వేస్తే కమిషన్ ఫీజు 5,000. గడువు మూడేళ్లు.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే: ‘అందరూ ఒకే ధర చెబుతున్నారు’ అని నాలుగు పేజీలు రాసి పంపుతారు, పైకి కేసే కనబడట్లేదని కమిషన్ సెక్షన్ 26(2) కింద ఫైలు మూసేస్తుంది. ధరలు ఒకేలా ఉన్నంత మాత్రాన కుమ్మక్కు రుజువైనట్టు కాదు. 2012లో 11 సిమెంటు కంపెనీలకు సుమారు 6,300 కోట్ల జరిమానా పడినప్పుడు కూడా ఉత్పత్తి, సరఫరా లెక్కల్ని ధరలతో కలిపి చూశారు. టెండర్లలోనైతే ఈఎండీ (ధరావతు) డీడీలు ఒకే బ్రాంచిలో వరుస నంబర్లతో ఉన్నాయా, ఇద్దరి కాగితాల్లో ఒకే అక్షరదోషం ఉందా చూడండి. సెక్షన్ 4ను (మార్కెట్లో ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేయడం) మాత్రం ఊళ్లో పెద్ద డీలరు మీద ఊరికే అంటించొద్దు. సంబంధిత మార్కెట్ ఏదో, అంటే ఏ సరుకులో, ఏ ప్రాంతంలో ఆ ఆధిపత్యమో చెప్పలేకపోతే మొదటికే మోసం.

అయితే ఇలాంటి కేసులు ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. ఇల్లు గడవాలంటే సివిల్, చెక్‌బౌన్సు కేసులు తప్పవు. పైగా కమిషన్ ముందు సీఏలు, కంపెనీ సెక్రటరీలూ హాజరు కావచ్చు. పోటీ పడేకంటే ఊళ్లోని ఒక సీఏతో జత కట్టడం నయం, టర్నోవరు లెక్క ఆయనే తేలుస్తాడు.

కమిషన్‌లో కాంట్రాక్టు ఉద్యోగాలూ ఉంటాయి. నేర్చుకోవడానికి బాగు, స్థిరపడటానికి కాదు.

మా లెక్కలో, ఢిల్లీ అద్దెకు ఇంటి నుంచి రెండేళ్లు ఆసరా ఉండి, ఇంగ్లీషు డ్రాఫ్టింగ్ గట్టిగా వచ్చినవాళ్లు ఫర్మ్‌కే పోవాలి. ఆ రెండింటిలో ఏది లేకున్నా జిల్లాలోనే మంచి సివిల్ సీనియర్ దగ్గర చేరి, టెండరు, స్టాకిస్టు కేసులు చేపట్టడం మేలు. కేసు దర్యాప్తుకు వెళ్లాక ఢిల్లీ కౌన్సెల్‌కు బ్రీఫ్ ఇవ్వండి, ఫీజు వాటా మాత్రం ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.