గ్రోత్ హార్మోన్ స్ప్రేలు, ఎత్తు పెంచే పొడులు, చీటీ లేకుండా అమ్మే వయల్స్: కొనేముందు జాగ్రత్త

"హెచ్‌జీహెచ్" (మనిషి గ్రోత్ హార్మోన్) అని పెద్ద అక్షరాలతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్న స్ప్రేలు, చుక్కల మందులు, మాత్రలు కొనకండి. పిల్లల ఎత్తు కోసం కొంటున్న తల్లిదండ్రులైతే మరీ జాగ్రత్తగా ఉండాలి. ఇందులో పోయే డబ్బు చిన్న విషయం, పిల్లలు పెరిగే వయసు చేజారితే మళ్లీ రాదు.

గ్రోత్ హార్మోన్ అంటే 191 అమైనో ఆమ్లాల ప్రోటీన్. మింగితే తిండిలోని ప్రోటీన్ లాగే అరిగిపోతుంది. నాలుక కింద చల్లుకున్నా అంత పెద్ద అణువు రక్తంలోకి చేరదు. అసలు మందు సొమాట్రోపిన్‌ను చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇచ్చేది అందుకే.

మరి కొందరు పిల్లలు ఈ పొడులు వాడాక నిజంగానే పెరుగుతున్నారే అంటారా? భయపడాల్సింది అప్పుడే. పొడిలో చెప్పకుండా మగ హార్మోన్ లాంటి అనాబాలిక్ స్టెరాయిడ్ కలిపి ఉంటే కొన్ని నెలలు గబగబా ఎత్తు పెరుగుతారు, కండ పడుతుంది. ఆ స్టెరాయిడ్లలో కొన్ని ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారి, ఎముకల చివర ఉండి వాటిని పొడవు పెంచే గ్రోత్ ప్లేట్లను ముందే మూసేస్తాయి. మామూలుగా అవి అమ్మాయిలకు దాదాపు 14-16 ఏళ్లకు, అబ్బాయిలకు 16-18 ఏళ్లకు మూసుకుంటాయి. ఒకసారి మూసుకుంటే ఏ మందుకీ తెరుచుకోవు. అంటే ఎత్తు కోసం కొన్న పొడే ఎత్తును తగ్గిస్తుంది. తొమ్మిదేళ్లు నిండని అబ్బాయికి, ఎనిమిదేళ్లు నిండని అమ్మాయికి జననాంగాల దగ్గర వెంట్రుకలు, మొటిమలు, గొంతు మారడం లాంటివి కనిపిస్తే ఆ డబ్బా వెంటనే ఆపేసి హార్మోన్ల డాక్టరు (ఎండోక్రైనాలజిస్టు) దగ్గరికి తీసుకెళ్లండి.

జిమ్ముల్లో చేతులు మారే ఇంజెక్షన్ మందు వయల్స్‌ది ఇంకో తంతు. గ్రోత్ హార్మోన్ లేబుల్ వేసి లోపల గర్భధారణలో తయారయ్యే వేరే హార్మోన్ హెచ్‌సీజీ పెట్టిన నకిలీలు ఉన్నాయి. ఒకవేళ సరుకు అసలుదే అయినా, కరిగించిన మందును 2-8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు, గట్టిగా కుదపకూడదు. మామూలు కొరియర్‌లో ఎండకు తిరిగొచ్చిన వయల్‌లో ఏం మిగిలి ఉంటుందో ఎవరూ చెప్పలేరు. కలిపాక మసకగా ఉన్నా, నలకలు తేలినా ఎక్కించుకోవద్దు. మోతాదులో కూడా పొరపాట్లు జరుగుతున్నాయి: 1 మిల్లీగ్రాము దాదాపు 3 యూనిట్లు. యూనిట్లలో చెప్పిన అంకెను మిల్లీగ్రాములుగా తీసుకుంటే మూడింతలు ఎక్కినట్టే.

మోతాదు మించితే మొదట ఒంట్లో నీరు చేరుతుంది. ఉంగరం బిగుసుకుంటుంది, పొద్దున లేవగానే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, కీళ్లు నొప్పి పెడతాయి. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక షుగర్ పెరుగుతుంది. తలనొప్పితో పాటు వాంతులు, చూపు మసకబారడం ఉంటే తలలో ఒత్తిడి పెరిగిందేమో చూడాలి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. పిల్లలు కుంటినా, తుంటి లేదా మోకాలు నొప్పి అన్నా కాలి మీద బరువు మోపనివ్వకుండా తుంటికి ఎక్స్‌రే తీయించాలి, తొడ ఎముక తల జారి ఉండొచ్చు. పెద్దవాళ్లలో ఏళ్ల తరబడి హార్మోన్ ఎక్కువైతే దవడ ముందుకొస్తుంది, పళ్ల మధ్య సందులు పడతాయి, చెప్పుల సైజు మారుతుంది, గుండె కండరం మందమవుతుంది. మందు మానేస్తే వాపు తీస్తుంది గానీ పెరిగిన ఎముక తగ్గదు.

ఎంకే-677 అనే క్యాప్సూళ్లు మాత్రం వేరు, అవి నోటి ద్వారానే పనిచేసి సొంత హార్మోన్‌ను పెంచుతాయి. అందుకని సురక్షితం అనుకోకండి. షుగర్ పెరగడం, కాళ్ల వాపులు వీటితోనూ వస్తాయి. తుంటి ఎముక విరిగిన వృద్ధుల మీద చేసిన ఒక ట్రయల్‌ను గుండె వైఫల్యం భయంతో మధ్యలోనే ఆపేశారు.

ఒక్క రక్తపరీక్ష కాగితం చూపించి "మీకు హార్మోన్ తక్కువ" అని అమ్మేవాళ్లను నమ్మొద్దు. ఈ హార్మోన్ అలలుగా, ఎక్కువగా గాఢనిద్రలో విడుదలవుతుంది. పగలు తీసిన నమూనాలో ఆరోగ్యవంతులకు కూడా దాదాపు సున్నా రావచ్చు. నాలుగేళ్లు దాటిన పిల్లలు, యుక్తవయసు రాకముందు, ఏడాదికి 5 సెంటీమీటర్ల కంటే తక్కువ పెరుగుతుంటే అప్పుడు ఆలోచించాలి. చెప్పులు తీసి, మడమలు గోడకు ఆనించి, ప్రతిసారీ ఒకే వేళలో కొలవండి. డాక్టరు గ్రోత్ హార్మోన్ ప్రభావంతో తయారయ్యే ఐజీఎఫ్-1, థైరాయిడ్, ఎముకల వయసు తెలిపే ఎడమ మణికట్టు ఎక్స్‌రే చూస్తారు, అనుమానం మిగిలితే పరగడుపున, మందు ఇచ్చి హార్మోన్ ఎంత విడుదలవుతుందో చూసే స్టిమ్యులేషన్ టెస్టు చేస్తారు. అలా లోపం తేలి డాక్టరు రాసిన ఇంజెక్షన్ వాడుతున్న పిల్లలకు ఇది చదివి ఆపేయకండి, వాళ్లకు ఆ మందు అవసరం.

ఇప్పటికే కొని వాడినవాళ్లు డబ్బా, వయల్, బిల్లు పారేయకుండా డాక్టరుకు చూపించండి. లేబుల్ మీద బ్యాచ్ నంబరు ఉంటే ఫొటో తీసి పెట్టుకోండి, ఔషధ నియంత్రణ అధికారులకు ఫిర్యాదు చేసేటప్పుడు మొదట అడిగేది దాన్నే.