హిగ్స్ క్షేత్రం కిట్: రవ్వ తీసేసి రాగులు పోయండి

హిగ్స్ క్షేత్రం అంటే విశ్వమంతా నిండి, మూలకణాలకు ద్రవ్యరాశినిచ్చే క్షేత్రం. దాన్ని పిల్లలకు చూపే ఈ కిట్ బెంగళూరు జయనగర్‌లో ఒక బొమ్మల దుకాణంలో అమ్ముతారు. ఇందులో ట్రే, దానిలో క్షేత్రంలా పరిచే రవ్వ, వాలుపలక, కణాల్లా దొర్లే ఒకే బరువున్న రెండు బంతులు ఉంటాయి. ఒక బంతి నున్నన, రెండోది గరుకు. బంతుల బరువు సమానం కావడమే ఇందులో గొప్ప. బరువు తేడా ఉంటే పిల్లలు "బరువైనది కాబట్టే ఆగింది" అనేస్తారు, పాఠం తలకిందులవుతుంది.

ఇచ్చిన బొంబాయి రవ్వ మాత్రం వానాకాలంలో చెమ్మకు గడ్డ కడుతుంది. దాని బదులు సెంటీమీటరు మందాన రాగులు పరిచి, ప్రతిసారీ స్కేలుతో చదును చేయండి. బంతిని తొయ్యకుండా వాలుపలక మీద ఒకే గుర్తు నుంచి వదలండి. గరుకు బంతి త్వరగా ఆగుతుంది: అది క్షేత్రంతో గట్టిగా ముడిపడే, చాలా బరువైన మూలకణం టాప్ క్వార్క్. నున్నది క్షేత్రంతో కొద్దిగానే ముడిపడే తేలికైన ఎలక్ట్రాన్. కాంతి కణమైన ఫోటాన్‌కు ఈ క్షేత్రంతో నేరుగా పనిలేదు, కనుక రాగులకు తగలకుండా పైన గాజుపలక అమర్చి దాని మీద దొర్లించాలి. కిట్‌లో గాజుపలక లేదు, పెద్ద లోటు.

ఒక్కటి తప్పక చెప్పండి. రాగులు కదిలే బంతిని ఆపేస్తాయి, హిగ్స్ క్షేత్రం అలా ఆపదు. ద్రవ్యరాశి అంటే వేగం మారడానికి అడ్డు, రాపిడి కాదు.

"ద్రవ్యరాశి అంతా హిగ్స్ వల్లే" అన్న కిట్ కరపత్రంలోని వాక్యం కొట్టేయండి. ప్రోటాన్ ద్రవ్యరాశిలో దాని లోపలి క్వార్కుల సొంత వాటా సుమారు 1 శాతమే, మిగతాది ఆ క్వార్కులను కట్టిపడేసే బలానికి (స్ట్రాంగ్ ఫోర్స్) చెందిన శక్తి.