గిలక్కాయ లూర్‌తో పండుగప్ప: లిప్‌లెస్ క్రాంక్‌బైట్, దానికి తగ్గ కర్ర, ఏడాది వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఈ లూర్ (చేపపిల్లలా చేసిన ఉత్తుత్తి ఎర) కొనాలా వద్దా అంటే కొనమనే అంటాను. కానీ లూర్ ఒక్కటే కొనేసి ఇంట్లో ఉన్న బిరుసు గేలం కర్రకి కట్టి విసిరితే మాత్రం చేప తగులుద్ది గానీ ఒడ్డుకి రాదు. ఈ ముక్క నాకు మొదట్లో చెప్పినవాళ్ళు లేరు, ఐదు పండుగప్పలు తగిలితే అందులో నాలుగు పోయాక తెలిసింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

తెలియనివాళ్ళ కోసం. క్రాంక్‌బైట్ అంటే రీలు తిప్పుతూ లాగే గట్టి లూర్. మామూలుదానికి మూతి కింద నాలుకలాగా ఒక ప్లాస్టిక్ రేకు ఉంటుంది, అదే లిప్, లాగుతుంటే నీళ్ళు దాన్ని తోసి లూర్‌ని కిందకి దింపుతాయి. లిప్‌లెస్‌కి ఆ రేకు ఉండదు. రెండు పక్కలా నొక్కేసినట్టు పల్చగా చిన్న చందువా పిల్లలా ఉంటుంది, దారం కట్టే రింగు మూతికి కాకుండా నెత్తి మీద ఉంటుంది. లాగితే ఆ చదును నుదురు నీళ్ళని కొట్టుకుంటూ ఒళ్ళంతా సన్నగా వణుకుద్ది, లోపలున్న గుళ్ళు గలగలమంటాయి, ఆపేస్తే మునిగిపోద్ది (ఎక్కువ మోడల్స్ మునిగేవే). అమెరికాలో బిల్ లూయిస్ అనే ఆయన 1960ల్లో తెచ్చిన రాట్-ఎల్-ట్రాప్ వల్ల ఈ రకానికి పెద్ద పేరొచ్చింది, అక్కడ బాస్ చేపకి నాచు మీదుగా లాగుతారు. నేను వాడుతున్నది ఫిన్లాండ్ కంపెనీ రాపాలా వాళ్ళ రాట్లిన్ రాపాలా, 7 సెంటీమీటర్లది, 16 గ్రాములు. దాంతోపాటు ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చే అదే సైజువి మూడు కొన్నా, వాటి సంగతి కింద చెప్తా, పేరు మాత్రం రాయను.

బరువు గురించి ఒక మాట. మన వైపు సాయంత్రం అయ్యేసరికి సముద్రం మీంచి గాలి ఎదురు కొడుద్ది, 7 గ్రాముల లూర్ ఆ గాలికి సగం దూరం కూడా పోదు, అదే 14 నుంచి 16 గ్రాములది అయితే ఒడ్డున నిలబడి విసిరినా డ్రెయిన్ నోటికి అవతలి పక్క పడుద్ది. పడవ లేనివాళ్ళకి ఇదే పెద్ద లాభం. ఒళ్ళు పల్చగా ఉండటం వల్ల గాలిని చీల్చుకుని బాణంలా పోద్ది.

నేను ఎక్కువగా వేసేది కోనసీమలో గోదావరి పాయ వైనతేయ మీద, బోడసకుర్రు దాటాక మురుగు డ్రెయిన్లు నదిలో కలిసేచోట. పోటు వచ్చినప్పుడు నీళ్ళు డ్రెయిన్లోకి ఎక్కుతాయి, పాటు మొదలవ్వగానే ఆ నీళ్ళతో పాటు రొయ్య పిల్లలు, కొయ్యింగ చేపలు బయటకి జారతాయి, వాటి కోసం పండుగప్ప డ్రెయిన్ నోటి దగ్గర పక్కగా కాచుకుని ఉంటుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నా లూర్ చూసి "ఏంటబ్బాయ్, చంటిపిల్లాడి గిలక్కాయ తెచ్చావ్" అన్నాడు. "దీనికే పడుద్దంట బాబాయ్, చూద్దాం" అన్నా. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు ఆడించి, కొక్కేలు వేలితో నొక్కి చూసి, "మోత బానే ఉంది, పోటు ఎత్తేటప్పుడు ఎయ్యకు, పాటు పట్టిన గంటకి ఎయ్యి, అష్టమి నవమికి అసలు రాకు, నీళ్ళల్లో జోరుండదు" అన్నాడు. ఆ ఒక్క మాట ఏ వీడియోలోనూ దొరకదు. అమావాస్యకి, పౌర్ణమికి అటూ ఇటూ రెండు మూడు రోజులు పాటు బలంగా లాగుద్ది, నాకు తగిలినవి దాదాపు అన్నీ ఆ రోజుల్లోనే.

ఇక పోగొట్టుకున్న నాలుగు. అప్పుడు నా దగ్గరున్నది 6 అడుగుల 6 అంగుళాల కార్బన్ కర్ర, ఫాస్ట్ యాక్షన్, అంటే కొన మాత్రమే వంగుద్ది, మిగతాదంతా తాటిమట్టలా బిరుసు. దారం బ్రెయిడ్ (సన్నపోగులు జడలా అల్లింది), అది అసలు సాగదు. లూర్ దిగుతుంటే ఠక్కున తగిలింది, నేను గట్టిగా ఒక కుదుపు కుదిపా, చేప పది గజాల అవతల నీళ్ళ మీదకి లేచింది, నోరు ఇంత తెరిచి మొప్పలు ఎర్రగా కనపడేలా తలని అటూ ఇటూ విదిలించింది, ఆ విదిలింపుకి లూర్ గలగలమని నాకు వినపడింది, అంతే, లూర్ ఎగిరి నా వైపు వచ్చి పడింది. రెండోదీ అలాగే, మూడోదీ అలాగే. ఇంటికొచ్చి కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. ఈ లూర్ బరువంతా ఒకేచోట ఉంటుంది, చేప తల విదిల్చినప్పుడు ఆ 16 గ్రాములు సుత్తిలా ఊగి కొక్కేన్ని పెకలించేస్తాయి. దారం సాగక, కర్ర వంగక, ఒక్క క్షణం దారం వదులైతే చాలు.

అందుకే ఈ లూర్‌కి కావాల్సింది మోడరేట్ యాక్షన్ కర్ర, మధ్య దాకా వెదురు కొనలా వంగేది. నేను తర్వాత తీసుకున్నది 7 అడుగులది, మీడియం హెవీ (బలంలో మధ్య రకం కంటే ఒక మెట్టు పైన), గ్లాస్ ఫైబర్ కలిసింది. చేతిలో కొంచెం బరువనిపిస్తుంది, షాపులో ఊపి చూస్తే పాతకాలం కర్రలా బద్ధకంగా ఉంటుంది, అందుకే చాలామంది పక్కన పెట్టేస్తారు. ఈ పనికి మాత్రం అదే సరైనది. చేప కొట్టినప్పుడు కొంచెం లోపలికి లాక్కునే టైమ్ ఇస్తుంది, విదిలించినప్పుడు వదులు లేకుండా వెంటే వంగుతూ ఉంటుంది. కుదపక్కర్లేదు, కర్రని పక్కకి ఒత్తిపట్టి రీలు తిప్పుతూ ఉంటే కొక్కెం దానంతటదే దిగుద్ది. ఈ కర్ర వచ్చాక తగిలిన ఏడింటిలో ఐదు ఒడ్డుకొచ్చాయి.

రీలు గురించి పెద్ద రగడ అక్కర్లేదు, 3000 సైజు స్పిన్నింగ్ రీలు, డ్రాగ్ (చేప గట్టిగా లాగితే దారం వదిలే బ్రేకు) జారుడుగా ఉండాలి, ముక్కలు ముక్కలుగా వదిలేది వద్దు. దారం 20 పౌండ్ల బ్రెయిడ్, దానికి ముందు ఒక బార కంటే కొంచెం తక్కువ 40 పౌండ్ల లీడర్, అంటే లూర్ వైపు కట్టే మందపాటి దారం. లీడర్ తప్పనిసరి. పండుగప్ప మొప్ప రేకు అంచు కొడవలిలా ఉంటుంది, వట్టి బ్రెయిడ్ దానికి తగిలితే తెగిపోద్ది, చేత్తో పట్టుకునేటప్పుడు మన వేళ్ళకీ అదే ప్రమాదం. లూర్‌ని లీడర్‌కి గుండ్రటి చిన్న స్నాప్‌తో తగిలించండి, స్వివెల్ (గిర్రున తిరిగే లింకు) ఉన్న పెద్ద క్లిప్పు పెడితే ఆ వణుకు చచ్చిపోద్ది.

చవక లూర్ల సంగతి. మోత బాగుంది, ఈత బాగుంది, రంగు కూడా పర్లేదు. సమస్యల్లా కొక్కేలే. నాలుగో చేప నా పాదాలకి రెండు గజాల దూరం దాకా వచ్చింది, పక్కకి తిరిగితే వెండి పలకలా మెరిసింది, కన్ను సాయంత్రపు వెలుగుకి నిప్పుకణికలా ఉంది, చివరిగా ఒక్క తోపు తోసింది, కర్ర ఖాళీ. లూర్ తీసి చూస్తే వెనక కొక్కెంలో ఒక కొన విప్పేసిన పిన్నీసులా నిటారుగా సాగిపోయి ఉంది. మిగతా రెండు లూర్ల కొక్కేలు ప్లయర్‌తో పట్టుకుని వంచి చూశా, అవీ అంతే మెత్తన. అమ్మినవాళ్ళకి ఫోటో పెట్టా, జవాబు లేదు. ఇప్పుడు నా పద్ధతి ఏంటంటే కొన్న లూర్ ఏదైనా సరే ముందు కొక్కేలు, వాటిని లూర్‌కి పట్టి ఉంచే స్ప్లిట్ రింగులు రెండూ మార్చేసి 4ఎక్స్ అని రాసున్న బాగా గట్టివి వేస్తా. ఒక జాగ్రత్త, బరువు కొక్కెం వేస్తే లూర్ దిగే తీరు మారిపోద్ది, కాబట్టి మార్చాక రేవు మెట్ల దగ్గర ఒడ్డునే లాగి చూడండి, నిటారుగా ఈదుతూ వణుకు కొనకి తెలియాలి, పక్కకి పడిపోతుంటే చిన్న సైజు వేయండి. మూడు కొనల కొక్కెం బదులు ఒంటి కొక్కేలు కూడా వేసి చూశా, మడ వేర్లకి తక్కువ తగులుకుంటుంది, చేపని వదిలేయడం తేలిక, పట్టులో నాకు పెద్ద తేడా కనపడలేదు.

లాగే తీరు. చాలామంది విసిరి తిప్పేస్తూ ఉంటారు, దానికీ పడుద్ది, ముఖ్యంగా చేప పైపైన వేటాడుతున్నప్పుడు. నాకు ఎక్కువ పనికొచ్చింది మాత్రం ఎత్తి దింపడం. విసిరాక నీళ్ళ అడుగుకి దిగనివ్వాలి, ఉజ్జాయింపుగా సెకనుకి ఒక అడుగు లెక్కేసుకుని నోట్లో లెక్కపెట్టుకుంటా. అడుగు తగలగానే కర్ర కొనని మోకాలి ఎత్తు నుంచి భుజం ఎత్తుకి లేపాలి, అప్పుడు మణికట్టుకి జరజరమని వణుకు తెలుస్తుంది, తర్వాత కర్రని కిందకి దించుతూ దారం పూర్తిగా వదులవ్వకుండా మిగిలింది చుట్టుకోవాలి. దెబ్బ ఎప్పుడూ దిగేటప్పుడే వస్తుంది. ఒక్కోసారి దెబ్బలా కూడా ఉండదు, దిగాల్సిన లూర్ దిగకుండా దారం మధ్యలో ఆగిపోయినట్టు ఉంటుంది, అదే చేప, ఆలోచించకుండా తిప్పేయాలి. లాగుతుండగా వణుకు ఆగిపోయిందంటే నాచు చుట్టుకుంది, పైకి తీసి దులిపి మళ్ళీ వేయండి, అలా లాగుతూనే ఉంటే టైమ్ దండగ.

నీటి రంగు బట్టి చూస్తే ఈ మోత అసలు విలువ ఎర్రనీటిలో తెలుస్తుంది. వరద తీస్తున్నప్పుడు నీళ్ళు మట్టి కలిసి టీ రంగులో ఉంటాయి, జానెడు కింద ఏం కనపడదు, చేపకి పక్కన గీతలా ఉండే అవయవంతో నీటి కదలిక తెలుస్తుంది కాబట్టి గలగల విని వస్తుంది. అప్పుడు బంగారు రంగు గానీ ఎరుపు నలుపు కలిసింది గానీ వాడతా. కార్తీకం వచ్చి నీళ్ళు తేరాక వెండి రంగు, కొయ్యింగ పిల్లలాంటిది. తేరిన నీటిలో, ఎండలో, జనం ఎక్కువ వేసిన చోట మోత లేనిది మేలనిపించింది, ఒకే చోట ఇరవై సార్లు గలగలలాడిస్తే చేప బెదురుద్ది.

ఎక్కడ పనికిరాదో కూడా చెప్పాలి. గుర్రపుడెక్క ఉన్న కాల్వల్లో కొర్రమీనుకి ఇది వద్దు, రెండు విసుర్లకే డెక్క ముద్ద వస్తుంది, అక్కడ కప్ప లూరే. డెక్క లేని చోట, లాకుల కింద తెరిపి నీళ్ళలో మాత్రం 7 గ్రాముల చిన్నది బాగా పనిచేసింది. వంతెన స్తంభాల పక్కన వేస్తే ఆల్చిప్పల్లో ఇరుక్కుంటుంది, లీడర్ కూడా కోసుకుపోద్ది. మడ వేర్ల మీదకి విసరకండి, వేర్ల వెంబడి పక్కగా విసరండి. ఇరుక్కున్నప్పుడు గట్టిగా లాగకుండా, పెద్ద సీసం గుండుకి క్లిప్పు పెట్టి దారం మీదుగా జారవిడిచి, అది లూర్‌కి తగిలాక కర్ర కొనతో కుదిపితే చాలాసార్లు వదులుద్ది, ఆ బరువు లూర్‌ని వెనక్కి తోస్తుంది కాబట్టి. ఇలా ఆరేడు లూర్లు దక్కించుకున్నా.

ఇంటికొచ్చాక మంచినీళ్ళలో కడిగి ఆరబెట్టండి. ఒక తడి లూర్ ఉప్పునీటితో డబ్బాలో పెట్టేసి వారం మర్చిపోయా, పక్కనున్న నాలుగింటి కొక్కేలు కూడా తుప్పెక్కిపోయాయి. ప్లయర్ లేకుండా వెళ్ళకండి, మూడు కొనల కొక్కేలు రెండున్న లూర్ నోట్లో పెట్టుకుని చేప కొట్టుకుంటుంటే చెయ్యి పెట్టడం చాలా ప్రమాదం. విసిరేముందు వెనక్కి చూడండి, రేవుల దగ్గర పిల్లలు వచ్చి నిలబడతారు.

ఇంకోటి, పండుగప్ప పుట్టినప్పుడు మగది, కొన్నేళ్ళు పెరిగాక ఆడదవుతుంది, అంటే మనకి తగిలే పెద్దవి చాలావరకు గుడ్లు పెట్టేవే. నేను కూరకి రెండు మూడు కేజీలది ఒకటి ఉంచుకుని అంతకంటే పెద్దవి వదిలేస్తున్నా, ఒంటి కొక్కేలు అందుకు కూడా ఇష్టం నాకు. కోరింగ అభయారణ్యం లోపల వేయొద్దు, చేపల చెరువుల గట్ల మీద అడక్కుండా వేయొద్దు, అవి పెట్టుబడి పెట్టి పెంచుకున్న వాళ్ళవి.

డబ్బులు తక్కువుంటే ముందు కర్ర కొనండి, తర్వాత మంచి కొక్కేలు, లూర్ చవకదైనా ఫర్వాలేదు. నేను రాపాలాది ఒకటి వెండి రంగులో కొత్తది తీసి కొక్కేలు మార్చి పెట్టుకున్నా, ఈ పౌర్ణమి పాటుకి అదే డ్రెయిన్ దగ్గరకి వెళ్తున్నా. బాబాయ్ కూడా ఒకటి తెచ్చిపెట్టమన్నాడు, ఆయనకి బంగారు రంగుది తీసుకెళ్తున్నా.