ఫోన్ బూత్‌లు, రెండేళ్ల వాడకం తర్వాత: చప్పుడు సంగతి సరే, గాలి సంగతేంటి?

ఆఫీసుల్లో కాల్ మాట్లాడుకోవడానికి పెట్టే, చప్పుడు బయటికి రానివ్వని చిన్న గదిలాంటి ఫోన్ బూత్‌లో మనిషి కదలకుండా కూర్చుంటే ఫ్యాను ఆగిపోతుంది. కొనేముందు ఈ ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటే ఎంతో బాగుండేది. బెంగళూరులో బెళ్లందూర్ వైపు, అవుటర్ రింగ్ రోడ్డు మీదున్న మా ఫ్లోర్‌లో ఇలాంటివి నాలుగున్నాయి. అన్నీ ఒక్కరు కూర్చునేవే. మూడు రెండేళ్ల కిందటివి, నాలుగోది ఈమధ్య కొన్నది. అద్దం తలుపు, లోపల ఫెల్టు, చిన్న బల్ల, ప్లగ్గు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

లైటుకీ ఫ్యానుకీ కలిపి పైకప్పులో ఒకటే సెన్సర్, పీఐఆర్ రకం. ఒంటి వేడి ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిగితేనే దానికి తెలుస్తుంది. కాల్‌లో ఉన్నవాళ్లలో కదిలేవి వేళ్లు, పెదవులు. నెత్తి మీదున్న సెన్సర్‌కి అవి ఆనవు. ఐదు నిమిషాలకి టక్కున లైటు ఆరుతుంది, దాంతోపాటే ఫ్యానూ ఆగుతుంది. చెయ్యెత్తి ఊపితే మళ్లీ వస్తాయి. లైటు పోవడం కంటికి కనబడుతుంది గనక ఫిర్యాదులన్నీ దాని మీదే. చాలామంది స్క్రీన్ వెలుగు చాలులే అని చీకట్లోనే కాల్ కానిచ్చేస్తారు. అసలు నష్టం అక్కడే.

కూర్చున్న మనిషి గంటకి సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. బూత్ లోపలి చోటు దాదాపు 2 ఘనపు మీటర్లు, అంటే 2000 లీటర్లు. ఫ్యాను ఆగి తలుపు బిగుసుకుని ఉంటే అది నిమిషానికి 150 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 150 వంతులు) చొప్పున పెరుగుతుంది. హాల్లో 700 ఉందనుకుంటే పావుగంటలో 3000 దగ్గరికి చేరుతుంది. బల్ల మీద చిన్న మీటరు పెట్టి చూశాం. లెక్కకన్నా కాస్త తక్కువ చూపించింది, తలుపు సందుల పుణ్యమా అని. బయటి గాలిలో ఉండేది 420 ప్రాంతం. 3000తో ప్రాణానికేం కాదు గానీ ఆవలింతలు, తలబరువు, అవతలివాళ్లని ప్రశ్న రెండోసారి అడగమనడం మామూలైపోతాయి. దీనికి తోడు మనిషి ఒంటి నుంచి వచ్చే వేడి 100 వాట్లు, ల్యాప్‌టాప్‌ది ఇంకో 30 నుంచి 60. సాయంత్రం అమెరికా కాల్స్‌లో వచ్చే మత్తంతా పని అలసట అనుకుంటూ నెలలు గడిపాం.

ముందు సెన్సర్ వెనకున్న టైమ్ మరని చివరిదాకా తిప్పాం. ఐదు నిమిషాలు పదిహేను అయ్యాయి. నయమే గానీ జబ్బు పోలేదు. తర్వాత ఎలక్ట్రీషియన్ చేత ఫ్యాను వైరుని సెన్సర్ నుంచి విడదీయించి, ఉదయం 9 నుంచి రాత్రి 11 దాకా నడిచేలా టైమర్‌కి కలిపించాం. 12 వోల్టుల చిన్న ఫ్యాన్లు అవి, ఒక్కోటి మూడు నాలుగు వాట్లు తింటుంది. ఆపితే మిగిలేదేమీ లేదు. అన్నిటికన్నా చవకైన మందు ఇదే. అయితే వారంటీ ఉండగా సొంతంగా వైరు ముట్టుకోకండి, అమ్మినవాళ్ల చేతే చేయించండి.

లైటు కోసం రెండు బూత్‌లలో 24 గిగాహెర్ట్జ్ రాడార్ సెన్సర్లు పెట్టాం. ఊపిరికి ఛాతీ లేచి పడటాన్ని కూడా ఇవి పట్టేస్తాయి. వీటి చిక్కు వీటికుంది. పీఐఆర్ చూసే వేడి కిరణాలు అద్దం దాటవు, రాడార్‌కి అద్దమూ ప్లైవుడ్డూ అడ్డం కావు. నడవలో ఎవరు నడిచినా ఖాళీ బూత్‌లో లైటు వెలిగేది, లోపల ఎవరో ఉన్నారనుకుని జనం వెనక్కి పోయేవాళ్లు. దూరం మీటరున్నరకి తగ్గించి, సెన్సర్‌ని వెనక గోడ వైపు తిప్పాక గానీ దారికి రాలేదు.

ఏడాది దాటాక ఇంకో తంటా. ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది, మీటరు మాత్రం 2000 చూపిస్తోంది. పైమూత నాలుగు స్క్రూలు విప్పి చూస్తే ఫిల్టర్ జాలీ మీద దుప్పటి ముక్కంత మందాన దుమ్ము. వేలితో గీకితే చాపలా చుట్టుకుంటూ ఊడొచ్చింది. కింద కార్పెట్ పీచు, పైన ఎర్రమట్టి. మెట్రో పనులు జరిగే రోడ్డు పక్కన ఇంతకన్నా ఏమాశిస్తాం? ఇప్పుడు మూడు నెలలకోసారి వ్యాక్యూమ్ పట్టిస్తున్నాం. ఫ్యాన్లు రెండుంటాయి, గాలి తీసుకునేదొకటి, బయటికి తోసేదొకటి. ఒకటి పాడైనా రెండోదాని చప్పుడుకి తెలియదు. టిష్యూ కాగితం బూత్ బయటివైపు జాలీ దగ్గర పట్టుకోండి, అతుక్కుంటే లోపలికి లాగేది పనిచేస్తున్నట్టు, రెపరెపలాడుతూ దూరం జరిగితే తోసేది పనిచేస్తున్నట్టు. బూత్ వీపుని గోడకి ఆనించకండి, జానెడు సందైనా వదలండి.

నిశ్శబ్దం గురించి మొదట్లో అందరికీ గొప్పగా చెప్పాం. ఇప్పుడంత గట్టిగా చెప్పలేను. తలుపు బరువుకి కీళ్లు కొద్దిగా దిగాయి, చుట్టూ ఉండే రబ్బరు అణిగిపోయింది. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే పట్టి ఆపాలి. మా రెండు బూత్‌లలో కింది మూల దగ్గర జారిపోయి వచ్చేసేది. కాళ్ల మరలు తిప్పి, మట్టం పెట్టి సరిచేశాక, రబ్బరు మార్పించాక చాలావరకు బాగైంది. ఇంకోమాట, కరపత్రంలో వేసే డెసిబెల్ అంకె ఒక్క పలకదా, మొత్తం బూత్‌దా అని అడగండి. మొత్తం బూత్‌కి మాట ఎంత తగ్గుతుందో కొలిచే అంతర్జాతీయ పద్ధతి ఐఎస్ఓ 23351-1, 2020లో వచ్చింది. దాని ప్రకారం కొలిచిన అంకె చూపించమనండి.

ఇంత తిట్టినా వీటిని తీసెయ్యమంటే ఒప్పుకోను. లోపలివాళ్ల కన్నా బయటివాళ్లకే వీటివల్ల మేలు జరిగింది. కాల్స్ లోపలికి పోయాక బల్లల దగ్గర ఇద్దరు ఒకే స్క్రీన్ ముందు కూర్చుని మామూలు గొంతుతో కోడ్ గురించి మాట్లాడుకుంటున్నారు. అంతకుముందు గుసగుసలే. పది పన్నెండు అడుగుల్లో ఉన్న బూత్‌కే జనం వెళ్తారు, దూరమైతే సీట్లోనే కాల్ ఎత్తేస్తారు.

ఇదంతా అద్దె ఫ్లోర్‌లో గోడలు కట్టే వీల్లేక, రోజూ అరగంట కాల్స్ తప్పని టీముల లెక్క. సొంత బిల్డింగ్ ఉండి, ఏసీ డక్టు లాగగలిగితే చిన్న గది కట్టుకోవడమే మేలేమో. కొనేట్టయితే మాత్రం షోరూమ్‌లో తలుపేసుకుని, చేతులు కదపకుండా, మీటరుతో ఇరవై నిమిషాలు కూర్చుని చూడండి.

ప్యాంట్రీ పక్కనున్న నాలుగోది వారంటీలో ఉంది, పాత రకం సెన్సర్ మీదే నడుస్తోంది. దాని తలుపు మీద కాగితం అంటించి ఉంచాం: పది నిమిషాలు దాటితే తలుపు ఓసారి తీసి వెయ్యండి.